శనివారం ఉదయం పార్కులో 5 కిలోమీటర్లు
పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్ళే పెద్దలకు కొన్ని సూచనలు

హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలలో కొడుకో కూతురో విదేశాలలో ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కూతురికి కాన్పు అనీ, మనవడిని చూసుకోవాలనీ తల్లిదండ్రులు ఇంగ్లండుకో, ఆస్ట్రేలియాకో, అమెరికాకో వెళ్ళి నెలల తరబడి ఉండి వస్తారు. వెళ్ళే ముందు మా ఆసుపత్రికి వచ్చి షుగరు, బి.పి. చూపించుకొని, అన్ని నెలలకూ సరిపడా మందులు రాయించుకుంటారు. తిరిగి వచ్చాక పరీక్ష చేస్తే కొందరిలో షుగరు పెరిగి ఉంటుంది. బరువు పెరిగి ఉంటుంది. మోకాళ్ళు పట్టేసి ఉంటాయి. మందులు వేళకే వేసుకున్నామంటారు. అది నిజమే. ఆగిపోయింది నడక.

"అక్కడ నడవలేదా అమ్మా?" అని మేము అడిగితే వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే. "ఎక్కడ నడుస్తాం సిస్టరు? బయట చలి. దారులు తెలియవు. పిల్లలు పనికి వెళ్ళిపోతారు. పలకరించే మనిషి ఉండదు."

ఇక్కడ ఉన్నప్పుడు కూరగాయలకనీ, గుడికనీ, చర్చికనీ తెలియకుండానే రెండు మూడు కిలోమీటర్లు నడిచే మనిషి, అక్కడ నాలుగు గోడల మధ్య కూర్చుండిపోతే ఒంటితోపాటు మనసు కూడా కుంగుతుంది. అటువంటివారికి పనికివచ్చే ఒక మంచి ఏర్పాటు చాలా దేశాలలో ఉంది. దాని పేరు పార్క్‌రన్. ప్రతి శనివారం ఉదయం ఊరి పార్కులో జరిగే 5 కిలోమీటర్ల పరుగు ఇది. పేరులో పరుగు ఉన్నా నడిచేవారికి కూడా పూర్తి స్వాగతం ఉంటుంది. రుసుము లేదు. వయసుకు పైహద్దు లేదు.

ఎలా మొదలైంది?

2004 అక్టోబరు 2న లండన్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూయిట్ అనే ఆయన దీనిని ప్రారంభించారు. గాయం వల్ల ఆయన అప్పట్లో పరుగెత్తలేని స్థితిలో ఉన్నారు. స్నేహితులను వారానికి ఒక్కసారైనా కలుసుకోవాలని, వారు పరుగెత్తుతుంటే తాను గడియారం పట్టుకొని నిలబడ్డారు. మొదటి రోజు పరుగెత్తినవారు 13 మంది మాత్రమే. ముగింపు దగ్గర వరుస సంఖ్య తెలియడానికి ఇనుప సామాను కొట్టులో దొరికే వాషర్లను బిళ్ళలుగా ఇచ్చేవారు.

రెండవ చోట మొదలు కావడానికి 2007 దాకా ఆగవలసి వచ్చింది. ఆ తరువాత త్వరగా వ్యాపించింది. ఇప్పుడు 20కి పైగా దేశాలలో ఉంది. అమెరికాలో 2012లో మిషిగన్ రాష్ట్రంలోని లివోనియాలోను, సింగపూర్‌లో 2014లో ఈస్ట్ కోస్ట్ పార్కులోను మొదలైంది. 19వ శతాబ్దంలో మన తెలుగువారు చెరకు తోటల పనికి వలసవెళ్ళిన దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కూడా సముద్రతీరాన పెద్ద పార్క్‌రన్ జరుగుతుంది. కరోనా వల్ల 2020 మార్చిలో ఆగిపోయి, ఇంగ్లండులో 2021 జూలైలో తిరిగి మొదలైంది.

ఇందులో మేము మెచ్చుకొనే విషయం ఒకటి ఉంది. తొలి సంవత్సరాలలో పరుగు బాగా వచ్చినవారే వచ్చేవారు. 2005లో సగటున 22 నిమిషాలలో 5 కిలోమీటర్లు ముగించేవారు. తరువాత ఆ సగటు 30 నిమిషాలు దాటింది. ఆటల పోటీలలో దీనిని వెనుకబాటు అంటారు. నిర్వాహకులు మాత్రం సంతోషించారు. లావుగా ఉన్నవారు, వయసు మళ్ళినవారు, జబ్బుపడి కోలుకుంటున్నవారు కూడా రావడం మొదలుపెట్టారని దాని అర్థం. 2024లో వేగం రికార్డుల పట్టికలను కూడా తమ వెబ్‌సైటు నుండి తీసివేశారు.

బ్రిటన్‌లో 2018 నుండి అక్కడి ఫ్యామిలీ డాక్టర్ల రాయల్ కాలేజీ పార్క్‌రన్‌తో చేయి కలిపింది. క్లినిక్కులు తమ దగ్గరలోని పార్కుతో సంబంధం పెట్టుకొని, మందుల చీటీతోపాటు "శనివారం పార్కుకు వెళ్ళండి" అని కూడా చెప్పే పద్ధతి ఇది.

వెళ్ళిన రోజు ఏమి జరుగుతుంది?

కొత్త చోటికి వెళ్ళాలంటే పెద్దలకు ఉండే భయం, అక్కడ ఏం చేస్తారో తెలియకపోవడమే. అందుకే వరుసగా చెబుతున్నాము.

1. ముందుగా పిల్లల చేత వెబ్‌సైటులో పేరు నమోదు చేయించుకోవాలి. ఒక్కసారి చేస్తే చాలు, ఏ దేశంలోనైనా చెల్లుతుంది. అత్యవసరంగా పిలవవలసిన ఫోన్ నంబరు అడుగుతారు. అక్కడ ఇండియా నంబరు ఇవ్వకండి. అదే ఊళ్ళో ఉన్న మీ అబ్బాయి లేదా అమ్మాయి నంబరు ఇవ్వండి.

2. నమోదు అయ్యాక మీ పేరు మీద ఒక బార్‌కోడ్ వస్తుంది. కాగితం మీద ముద్రించుకోవచ్చు, ఫోనులోనైనా చూపించవచ్చు. అది మరచిపోయినా నడవనిస్తారు. మీ సమయం మాత్రం నమోదు కాదు.

3. ఇంగ్లండులో ఉదయం 9 గంటలకు, స్కాట్లండులో 9.30కు, సింగపూర్‌లో 7.30కు మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఏ పార్కుకు వెళతారో దాని సమయం ముందే చూసుకొని, పావుగంట ముందు చేరుకోండి.

4. మొదటిసారి వచ్చినవారిని పక్కకు పిలిచి దారి ఎటు, మలుపులు ఎక్కడ అని చెబుతారు. సిగ్గుపడకుండా అక్కడికి వెళ్ళి నిలబడండి. ఆంగ్లం అంతగా రాకపోతే పిల్లలను తోడు తీసుకువెళ్ళండి.

5. మెరిసే కోట్లు తొడుక్కున్నవారు స్వచ్ఛంద సేవకులు. దారిపొడవునా నిలబడి చప్పట్లు కొడుతూ ఉత్సాహపరుస్తారు. వేగంగా పరుగెత్తేవారు ముందు వరుసలో ఉంటారు. మీరు వెనుక నిలబడండి, అంచు పట్టుకొని నడవండి.

6. అందరికంటే చివర నడవడానికే ఒక సేవకుడినో సేవకురాలినో నియమిస్తారు. ఈ చివరి మనిషిని టెయిల్ వాకర్ అంటారు. మీరు ఎంత నెమ్మదిగా నడిచినా ఆ మనిషి మీ వెనుకే ఉంటారు. కాబట్టి "అందరికంటే చివర వచ్చింది" అనే మాట మీకు ఎన్నడూ రాదు. 2022 నుండి నడిచేవారికి తోడుగా మరొక సేవకుడిని కూడా ఏర్పాటు చేస్తున్నారు.

7. ముగింపు గీత దాటగానే చేతికి ఒక టోకెన్ ఇస్తారు. ఆ టోకెన్‌ను, మీ బార్‌కోడ్‌ను స్కాన్ చేసే మనిషికి చూపించి, టోకెన్ తిరిగి ఇచ్చివేయాలి. తరువాత మీ సమయం ఈ-మెయిల్‌లో వస్తుంది.

8. అది అయ్యాక చాలాచోట్ల దగ్గరలోని కాఫీ హోటలులో కూర్చుని మాట్లాడుకుంటారు. వీలైతే దీనిని మానకండి. ఊరికే వెళ్ళి ఒక టీ తాగినా వచ్చేవారానికి ఇద్దరు ముగ్గురు మిమ్మల్ని పేరు పెట్టి పలకరిస్తారు. ఇల్లు కదలని పెద్దలకు ఇది మందుతో సమానం.

నడవలేనివారు కూడా వెళ్ళవచ్చు. మోకాలి ఆపరేషను అయినవారు టోకెన్లు ఇచ్చే పని, చప్పట్లు కొట్టే పని చేయవచ్చు. సేవకులు లేకపోతే ఆ కార్యక్రమమే జరగదు. చేసిన సేవను కూడా వారు లెక్కపెట్టి గౌరవిస్తారు. పిల్లలకు ఆదివారం ఉదయం 2 కిలోమీటర్ల పరుగు వేరుగా కొన్ని దేశాలలో ఉంది, 4 నుండి 14 ఏళ్ళవారికి. ఆరాధన వేళకు అడ్డు వస్తుందేమో చూసుకోండి. పెద్దల పరుగు శనివారం కాబట్టి ఆ చిక్కు లేదు.

5 కిలోమీటర్లంటే ఎంత?

400 మీటర్ల మైదానం చుట్టూ పన్నెండున్నర చుట్లు. మామూలు నడకతో గంట పడుతుంది. నెమ్మదిగా నడిస్తే గంటంబావు. ఇప్పుడు రోజుకు పది నిమిషాలు కూడా నడవనివారు విమానం దిగిన మొదటి శనివారమే 5 కిలోమీటర్లకు వెళ్ళకూడదు. ప్రయాణానికి రెండు నెలల ముందు ఇక్కడే అలవాటు చేసుకోవాలి.

మనకు ఆ అదృష్టం దగ్గరలోనే ఉంది. దోమలగూడలోని ఇందిరా పార్కుకు 1975లో శంకుస్థాపన జరిగింది, 1978లో ప్రజలకు తెరిచారు. 76 ఎకరాల తోట అది. తెల్లవారుజామున వందలమంది అక్కడ నడుస్తారు. మొదటి వారం రోజుకు 10 నిమిషాలు, రెండవ వారం 15 నిమిషాలు, ఇలా వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుకోండి. ఎనిమిదవ వారానికి 45 నిమిషాలు అవుతుంది. అప్పుడు 5 కిలోమీటర్లు భయపడవలసిన దూరం కాదు.

వేగం ఎంత ఉండాలో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అది సరైన వేగం. మాట కూడా తెగిపోతుంటే వేగం తగ్గించండి. గుండె జబ్బుకు, బి.పి.కి కొన్ని మందులు వాడేవారిలో నాడి వేగం పెరగదు కాబట్టి నాడి లెక్క కంటే ఈ పరీక్షే నమ్మదగినది.

వారానికి ఒక్క శనివారం నడిస్తే సరిపోదని కూడా గుర్తుంచుకోండి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల నడక వంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శనివారం ఒక గంట పోను మిగిలిన 90 నిమిషాలను మూడు నాలుగు రోజులకు పంచుకోండి. శనివారం తెలిసిన దారే మిగతా రోజులలో కూడా పనికివస్తుంది.

షుగరు ఉన్నవారికి

ఇన్సులిన్ తీసుకొనేవారు, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వేసుకొనేవారు నడకకు ముందు షుగరు చూసుకోవాలి. 100 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో రెండు బిస్కెట్లో తిని బయలుదేరాలి. 300 దాటి ఒంట్లో నలతగా ఉంటే ఆ వారం మానుకొని డాక్టరును సంప్రదించాలి. పరగడుపున వెళ్ళవద్దు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, సింగపూర్ వంటి దేశాలలో షుగరును వేరే కొలతలో చెబుతారు. అక్కడి మీటరు 7 అని చూపిస్తే కంగారుపడకండి. ఆ అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 7 అంటే 126. 5.6 అంటే 100. 3.9 అంటే 70, అది తక్కువ షుగరు. 16.7 అంటే 300. ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసుకొని మీటరు సంచిలో పెట్టుకోండి. ఇక్కడి మీటరును, దానికి సరిపోయే స్ట్రిప్పులను వెంట తీసుకువెళ్ళడం అన్నిటికంటే మేలు.

నడుస్తుండగా చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, విపరీతమైన ఆకలి కలిగితే వెంటనే ఆగి మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకొని తాగాలి, లేదా తీపి పళ్ళరసం చిన్న డబ్బా తాగాలి. 15 నిమిషాల తరువాత మళ్ళీ షుగరు చూసుకోవాలి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి తాగాలి. కాబట్టి జేబులో పంచదార పొట్లం లేకుండా బయలుదేరవద్దు.

గుండె జబ్బు, బి.పి. ఉన్నవారికి

గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ అయినవారు డాక్టరుగారు సరే అన్న తరువాతే మొదలుపెట్టాలి. ఇక్కడి నుండి వెళ్ళకముందే అడగండి. చలిగాలి గుండెనొప్పిని, ఉబ్బసాన్ని రేపుతుంది. మెడకు, ముక్కుకు మఫ్లరు చుట్టుకోండి. మొదటి పది నిమిషాలు మెల్లగా నడవండి. చివర కూడా ఒక్కసారిగా ఆగకుండా వేగం తగ్గించుకుంటూ రండి. నాలుక కింద పెట్టుకొనే మాత్ర డాక్టరు ఇచ్చి ఉంటే అది ఇంట్లో కాదు, మీ జేబులో ఉండాలి.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, మామూలు కాని ఆయాసం వస్తే "ఇంకొంచెమే కదా" అని నడవకండి. ఆగి, దగ్గరలోని మెరిసే కోటు మనిషిని పిలవండి. బ్రిటన్‌లో ఈ కార్యక్రమాల దగ్గర గుండెకు షాక్ ఇచ్చే పరికరం అందుబాటులో ఉంచుతారు. అంబులెన్సు నంబర్లు ఇవి: బ్రిటన్ 999, ఆస్ట్రేలియా 000, అమెరికా 911, సింగపూర్ 995. మన దగ్గర 108.

కాళ్ళు, బూట్లు, బట్టలు

చీరతో కూడా నడవవచ్చు, ఎవరూ ఏమీ అనరు. చుడీదారు అయితే కాలికి అడ్డుపడదు. చెప్పులతో మాత్రం వద్దు. అక్కడి పార్కులలో తడి గడ్డి, బురద, రాలిన ఆకులు ఉంటాయి, జారుతుంది. బూట్లను సాయంత్రం పూట కొనండి, అప్పుడు పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మనవడి పాత బూట్లు సర్దుకోవద్దు. కొత్త బూట్లు ఇంట్లో నాలుగు రోజులు తొడుక్కొని అలవాటు చేసుకోండి. షుగరు ఉన్నవారు నడిచి వచ్చాక అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి బొబ్బ వచ్చినా తెలియదు. చిన్న బొబ్బే పుండుగా మారిన కాళ్ళకు మా వార్డులో రోజూ కట్లు కడుతున్నాము.

మోకాళ్ళ అరుగుదల ఉన్నవారు నడిస్తే ఇంకా అరిగిపోతుందని భయపడతారు. చదునైన దారి మీద మెల్లగా నడిస్తే తొడ కండరాలు గట్టిపడి నొప్పి తగ్గుతుంది. మరునాటికి కూడా నొప్పి, వాపు తగ్గకపోతే దూరం తగ్గించుకోవాలి. సగం దూరం నడిచి వెనక్కి వచ్చినా తప్పు లేదు. సేవకులకు ఒక మాట చెప్పి రండి, లేకపోతే మీకోసం వెతుకుతారు.

ఆడవారు పైకి చెప్పని ఇబ్బంది ఒకటి ఉంది. దగ్గినా వేగంగా నడిచినా మూత్రం చుక్కలు పడుతుందని నడక మానేస్తారు, నీళ్ళు తాగడం మానేస్తారు. దీనికి వ్యాయామాలు ఉన్నాయి, చికిత్స ఉంది. మా సిస్టర్లకు చెప్పండి. పార్కులో మరుగుదొడ్డి ఉందో లేదో ముందే కనుక్కోండి. నీరు తీసే మాత్ర వేసుకొనేవారు ఆ రోజు దానిని ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుగారిని అడగండి. సొంతంగా మానవద్దు.

తిరిగి వచ్చిన తరువాత

అక్కడ నేర్చుకున్నదానిని ఇక్కడ వదిలేయకండి. పరుగు నేర్చుకోవాలనుకొనే యువతకు మన నగరంలో 2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ వంటి సంఘాలు ఉన్నాయి. పెద్దలకు అంత ఏర్పాటు కూడా అవసరం లేదు. మీ వీధివారో, మీ సంఘపు స్త్రీల సమాజంవారో పదిమంది కలిస్తే చాలు. పార్క్‌రన్ అనే పేరు ఆ సంస్థది కాబట్టి దానిని వాడకుండా, దాని పద్ధతులు మాత్రం తెచ్చుకోండి.

ఒకే రోజు, ఒకే సమయం, ఒకే గేటు దగ్గర కలవాలి. ఎవరు వచ్చినా రాకపోయినా నడక జరగాలి. డబ్బు వసూలు ఉండకూడదు. ఒక నోటు పుస్తకంలో వచ్చినవారి పేరు, ఇంట్లోవారి ఫోన్ నంబరు రాయాలి. ఎవరు ముందు వచ్చారని పోల్చుకోకూడదు. వంతులవారీగా ఒకరు అందరికంటే చివర నడవాలి. ఎండాకాలంలో ఆరు గంటలకల్లా మొదలుపెట్టి ఏడింటికి ముగించాలి. తరువాత కలిసి టీ తాగాలి, చక్కెర లేకుండా.

ఈ నియమాలలో ఒక్కటే పాటించగలమంటే, చివర నడిచే మనిషి నియమాన్ని పాటించండి. భర్త పోయాక ఇల్లు కదలని పెద్దమ్మ, పక్షవాతం నుండి కోలుకొని కర్రతో నడిచే మామగారు, నలుగురిలో ఆయాసపడితే చిన్నతనమని దూరంగా ఉండే లావుపాటి చెల్లెలు, వీరందరూ రాకపోవడానికి కారణం కాళ్ళు కాదు. వెనుకబడిపోతామనే భయం. వెనుక ఒక మనిషి ఉన్నారని తెలిస్తే వారు వస్తారు.

విదేశాలకు వెళ్ళేవారు ప్రయాణానికి రెండు నెలల ముందు ఒకసారి మా ఓ.పి.కి రండి. షుగరు, బి.పి., ఇ.సి.జి., పాదాలు పరీక్ష చేయించుకొని, వాడుతున్న మందుల పేర్లు, మోతాదు ఆంగ్లంలో స్పష్టంగా రాయించుకొని వెళ్ళండి. ఆ కాగితంతోపాటు ఈ పేజీని కూడా మీ సంచిలో పెట్టుకోండి.